‘మిలిటరీ వాళ్లకు అన్నీ వస్తాయి’ అనే మాట వెనక

మా పెద్దనాన్న ఉత్తరక్రియలు అయిన మరుసటి రోజు పొద్దున్నే పెద్దమ్మ అటక మీదున్న నల్ల ట్రంకు పెట్టె దించమంది. సైన్యం నుంచి ఇంటికి వచ్చేటప్పుడు ఆయన వెంట తెచ్చుకున్న పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో ఆయన నంబరు, ర్యాంకు, పేరు. లోపల కలరా ఉండల వాసన, రిబ్బను వెలిసిపోయిన మెడల్స్, డిశ్చార్జి బుక్కు. అడుగున పాలిథిన్ కవర్లో నాలుగు మడతల పీపీఓ, అంటే పెన్షన్ ఉత్తర్వు. మడతల దగ్గర చిరిగితే ఆయనే టేపు అంటించుకున్నాడు.

అందులో భార్య పేరు ‘లక్ష్మి’ అని ఉంది. పెద్దమ్మ ఆధార్‌లో ‘మునిలక్ష్మమ్మ’ అని ఉంది. బ్యాంకు పుస్తకంలో ‘ఎం. లక్ష్మమ్మ’. మూడూ ఆమే. ఊళ్లో ఏ పసిబిడ్డను అడిగినా చెప్తాడు. కానీ ఆ మూడు పేర్లూ ఒక్క మనిషివేనని కాగితం మీద తేలడానికి మాకు చాలా నెలలు పట్టింది. పేర్లు కలవడం లేదన్న మాట మొదటిసారి విన్నప్పుడు పెద్దమ్మ నా మొహంలోకి చూసి, ‘నలభై ఏండ్లు ఆయన్తో కాపరం చేసినా. నేను ఆయన పెండ్లాన్ని కాదని ఎవురు చెప్తారు నాయనా?’ అంది.

ఆ నెలల్లో మా ఇంటికి పలకరింపుకు వచ్చిన ప్రతి ఒక్కరూ అన్న మాట ఒకటే: ‘మిలిటరీ వాళ్లకేమబ్బా, అన్నీ వస్తాయి.’ చెడ్డ మనసుతో అన్నది కాదు. ధైర్యం చెప్పడానికే అన్నారు. ఆ మాటలో నిజం కూడా ఉంది. వచ్చేవి చాలానే ఉన్నాయి. కానీ అవన్నీ ఒక చోటి నుంచి రావు, ఒకే కాగితానికి రావు, అందరికీ ఒకేలా రావు. ఆ చిక్కుముడి ఎక్కడ పడుతుందో, ఊరివాళ్లుగా మనం ఎక్కడ చెయ్యి వేయొచ్చో వివరంగా రాద్దామని కూర్చున్నాను.

ముందుగా ఒక పాత సంగతి. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు తిరిగినవాళ్లకు వీరగల్లులు, అంటే పోరులో పోయినవాళ్ల పేరిట నిలిపిన రాళ్లు, కొత్త కాదు. చెరువు కట్ట కిందో, ఊరి ముందర వేపచెట్టు మొదట్లోనో, పొలం గట్టు మీదో నిలబడి ఉంటాయి. కత్తి ఎత్తిన మనిషి, పక్కన గుర్రమో పశువో, పైన అతన్ని స్వర్గానికి తీసుకుపోతున్న అప్సరసలు. వీటిలో చాలావరకు 9, 10 శతాబ్దాల నాటివి. బాణులు, వైదుంబులు, నొలంబులు, గాంగులు అనే రాజవంశాలు ఈ నేల కోసం కొట్టుకున్న రోజులవి. సోరెమడి యుద్ధం పేరు ఒకటికి మించి రాళ్ల మీద కనిపిస్తుంది. మా చిన్నప్పుడు వాటికి పసుపు కుంకుమ పెట్టి మొక్కడమే తెలుసు, చదవడం తెలియదు.

చదివినవాళ్లు చెప్పిన దాంట్లో నన్ను పట్టుకున్న విషయం ఒకటుంది. కొన్ని శాసనాల్లో చచ్చిపోయినవాడి పేరుతో పాటు అతని ఇంటివాళ్లకు ఇచ్చిన పొలం సంగతి కూడా రాసి ఉంటుంది. సరిహద్దు అవతల కన్నడంలో దాన్ని నెత్తరు కొడగె అన్నారు, అంటే చిందిన నెత్తుటికి ఇచ్చిన మాన్యం. అంటే ఆ రోజుల్లో గుర్తు పెట్టుకోవడం, ఇంటిని నిలబెట్టడం రెండూ కలిపి ఒకే రాయి మీద చెక్కారు. ఆ రాయి ఊరి ముందర ఉంటుంది. ఆ పొలం ఎవరిదో, ఎందుకిచ్చారో ఊరందరికీ తెలుస్తుంది.

ఇవాళ ఆ రెండూ విడిపోయాయి. పేరు ఫ్లెక్సీ మీదకు పోయింది. మాన్యం నాలుగు ఆఫీసుల్లోకి, కంప్యూటర్లలోకి పోయింది. ఒకటి ఊరందరూ చూస్తారు, రెండోది ఆ ఇంటి ఆడమనిషి ఒక్కతే మోస్తుంది.

చావు ఒకటే, లెక్కలు మూడు

2020 నవంబరు 8న కశ్మీర్‌లోని మాఛిల్ సెక్టార్‌లో చొరబాటుదార్లతో జరిగిన పోరులో మద్రాస్ రెజిమెంట్‌కు చెందిన ప్రవీణ్‌కుమార్ రెడ్డి చనిపోయాడు. మన ఐరాల మండలం రెడ్డివారిపల్లె వాడు. ఆ మరుసటి ఏడాది డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కూలినప్పుడు, ఆయన రక్షణలో ఉన్న లాన్స్ నాయక్ సాయితేజ కూడా పోయాడు. కురబలకోట మండలం ఎగువ రేగడ అతని ఊరు, అప్పటికి అది ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ఉంది. మనిషిని డీఎన్ఏ పరీక్షతో గుర్తించాల్సి వచ్చింది. దేహం ఇంటికి చేరేదాకా ఊరంతా రోజుల తరబడి ఎదురుచూసింది. ఈ రెండు కుటుంబాలకూ రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయల చొప్పున సాయం ప్రకటించింది.

ఇలాంటి వార్తలు టీవీలో చూసిన జనానికి సైనికుడు పోతే అరకోటి వస్తుందని మనసులో ముద్ర పడిపోయింది. అక్కడే మొదటి పొరపాటు. రాష్ట్రం ఇచ్చేది రాష్ట్రం నిర్ణయం. కేంద్రం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా వేరు. దానికి 2016 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న మెట్లు ఉన్నాయి: విధి నిర్వహణలో ప్రమాదం జరిగి పోతే 25 లక్షలు, సరిహద్దు ఘర్షణల్లోనో ఉగ్రవాదుల మీద చర్యలోనో పోతే 35 లక్షలు, శత్రుదేశంతో యుద్ధంలో పోతే 45 లక్షలు. ఇన్సూరెన్సు డబ్బు ఇంకో దారిలో వస్తుంది. సెలవు మీద ఇంటికొచ్చి చిత్తూరు బైపాస్‌లో బైకు మీంచి పడి పోయినవాడికి ఈ మెట్లలో సాధారణంగా ఏదీ వర్తించదు.

కుటుంబ పెన్షన్‌లోనూ అంతే, మూడు రకాలు. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక జవాను ఆఖరి జీతం 50,000 అనుకుందాం. అతని చావుకూ సైన్యం పనికీ సంబంధం లేదని తేలితే ఇంటికి వచ్చేది సాధారణ కుటుంబ పెన్షన్. సర్వీసులో ఉండగా పోయినవాడి ఇంటికి మొదటి పదేళ్లు సగం, అంటే 25,000, ఆ తర్వాత 30 శాతం, అంటే 15,000. సర్వీసు వల్ల వచ్చిన జబ్బుతోనో డ్యూటీలో ప్రమాదంతోనో పోతే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, 60 శాతం, అంటే 30,000. పోరాటంలో పోతే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్, పూర్తి 50,000. వీటన్నిటి మీదా డీఏ కలుస్తుంది.

పదిహేను వేలకూ యాభై వేలకూ మధ్య ఉన్న తేడాను తేల్చేది ఆ చావు గురించి సైన్యం జరిపే విచారణ, ఆ చావును అది ఏ కోవలో రాసిందన్నది. మన ఊళ్లో ఫ్లెక్సీ మీద అందరికీ ‘అమరవీరుడు’ అనే రాస్తాం. రాయాల్సిందే. కానీ ఆ మాటకు సర్కారు రికార్డుల్లో హోదా లేదు. వాళ్లు వాడేది బ్యాటిల్ క్యాజువాలిటీ (పోరులో పోయినవాడు), ఫిజికల్ క్యాజువాలిటీ (వేరే కారణంతో పోయినవాడు) అనే మాటలు. గుండెపోటుతో మంచుకొండల మీద పోయిన పిల్లవాడి తల్లికి, ఊరు వీరుడన్న తన బిడ్డను కాగితం ఎందుకు అట్లా అనలేదో అర్థం కాదు. మోసం జరిగిందేమో అనుకుంటుంది. ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పాలి, ఆ తీర్పు మీద అప్పీలు చేసుకునే హక్కు కూడా ఉందని చెప్పాలి.

అగ్నివీరుల సంగతి మరో తీరు. 2022లో మొదలైన అగ్నిపథ్ పద్ధతిలో చేరే వీళ్లకు సర్వీసు నాలుగేళ్లు. పక్కనే గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన మురళీ నాయక్ 2025 మే 9న సరిహద్దులో చనిపోయినప్పుడు రాయలసీమ మొత్తం కన్నీళ్లు పెట్టుకుంది. అతను అగ్నివీర్. పోరులో పోయిన అగ్నివీర్ ఇంటికి 48 లక్షల ఇన్సూరెన్సు, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీసు కాలానికి జీతం, సేవానిధి (జీతంలోంచి దాచినదానికి సర్కారు కలిపి ఇచ్చే మొత్తం) ఉంటాయి. నెలనెలా వచ్చే కుటుంబ పెన్షన్ మాత్రం ఉండదు. పెద్ద మొత్తం ఒక్కసారే చేతికొచ్చే ఇల్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిన ఇల్లు. చిట్టీలవాళ్లు, రియల్ ఎస్టేట్ వాళ్లు, వడ్డీ ఆశ చూపే చుట్టాలు ముందుగా వచ్చేది అక్కడికే.

ఇంకో చిక్కు: మన ఊళ్లలో పోలీసుది కాని యూనిఫాం వేసుకున్న ప్రతివాడూ ‘మిలిటరీ’యే. సీఆర్‌పీఎఫ్‌లో చేసినా, బీఎస్‌ఎఫ్‌లో చేసినా మనకు మిలిటరీ ఆయనే. కానీ వాళ్లు హోంశాఖ కింద పనిచేస్తారు. 2004 జనవరి 1 తర్వాత చేరినవాళ్లకు పాత పెన్షన్ బదులు ఎన్‌పీఎస్, అంటే జీతంలోంచి నెలనెలా కట్టుకునే పెన్షన్ పద్ధతి, వచ్చింది. వాళ్ల సంక్షేమానికి వేరే బోర్డు ఉంది. అట్లాంటి ఇంటి ఆడమనిషి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళితే, మీరు మా కిందికి రారమ్మా అని చెప్పి పంపిస్తారు. అందులో ఆ ఆఫీసు తప్పు లేదు. ఆమెను బస్సెక్కించి అక్కడికి పంపిన మనం ముందే తెలుసుకోవాల్సింది.

ఐదు గుమ్మాలు, ఒక పేరు

యుద్ధంలో పోయినవాళ్ల గురించే ఇంతసేపు చెప్పాను. నిజానికి మన మండలాల్లో మిలిటరీ ఇళ్లలో ఎక్కువభాగం పదిహేను ఇరవై ఏళ్లు సర్వీసు చేసి, నలభైకి అటూ ఇటూగా పెన్షన్‌తో ఇంటికొచ్చి, బ్యాంకు గార్డుగానో ఏటీఎం దగ్గరో ఇంకో ఇరవై ఏళ్లు పనిచేసి, మంచంలో కన్నుమూసినవాళ్లవి. మా పెద్దనాన్న కూడా అంతే. ఆయన పేరుతో ఫ్లెక్సీ ఉండదు. చిక్కులు ఉంటాయి.

ఆయన చావుతో కదలాల్సినవి ఇవి. పెన్షన్ ఇచ్చేది రక్షణ శాఖ లెక్కల విభాగం, ప్రయాగ్‌రాజ్‌లో ఉంటుంది. ఒకప్పుడు బ్యాంకు మేనేజరు చేతిలో ఉన్న పని ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి వెళ్లింది. సర్వీసు రికార్డు ఉండేది ఆయన రెజిమెంటు రికార్డాఫీసులో. మద్రాస్ రెజిమెంటు వాళ్లకైతే తమిళనాడులోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్ (సైన్యంలో ఇంజనీర్ల దళం) అయితే బెంగళూరు. గుర్తింపు కార్డు, గ్రాంట్లు, సలహా దొరికేది చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో. కుప్పం నుంచి రావాలంటే దాదాపు వంద కిలోమీటర్లు. వైద్యం 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ అనే మాజీ సైనికుల వైద్య పథకం కింద. మరణ ధ్రువీకరణ పత్రం పంచాయతీలో, 21 రోజుల్లోపు నమోదు చేయించాలి.

ఈ గుమ్మాలన్నిటి దగ్గరా అడిగే మొదటి ప్రశ్న పేరు. జవాను పెళ్లి చేసుకున్నాక యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డరు అని ఒకటి వేస్తారు. భార్య పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు సైన్యం రికార్డులోకి ఎక్కేది దానితోనే. ఆ రోజు మా పెద్దనాన్న ‘లక్ష్మి’ అన్నాడో, గుమాస్తాకు ‘ముని’ అనే మాట అర్థం కాలేదో తెలియదు. మన తిరుపతి, చిత్తూరు వైపు మునిరత్నం, మునిస్వామి, మునెమ్మ అని ఇంటికొకరు ఉంటారు. ఉత్తరాది గుమాస్తాకు అది ఇంటిపేరో, ఒంటిపేరో తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. తెలుగు పేరు ఇంగ్లీషులోకి పోయి, ఆధార్ వచ్చాక మళ్లీ ఇంకో స్పెల్లింగుతో ఇంగ్లీషులోకి పోయేసరికి ఒకే మనిషి ముగ్గురవుతుంది.

దాన్ని సరిచేయించడానికి అఫిడవిట్, ఆధార్, పాత కాగితాల నకళ్లు, జిల్లా సైనిక సంక్షేమ అధికారి సంతకం, రికార్డాఫీసు ఉత్తర్వు, ఆ తర్వాత సవరించిన పీపీఓ. ఇదంతా భర్త బతికి ఉండగా అయితే ఆయన సంతకంతో చాలా సులువుగా జరిగే పని. ఆయన పోయాక, ఆమె తానెవరో తానే రుజువు చేసుకోవాలి.

అందుకే ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. మీ ఇంట్లోనో వీధిలోనో రిటైరైన సైనికుడు ఉంటే, ఈ ఆదివారమే ఆయన పీపీఓ తీయించి, భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో చూడండి. పెన్షన్ ఖాతా భార్యతో కలిపి జాయింటుగా ఉందో లేదో కనుక్కోండి. అట్లా ఉంటే కుటుంబ పెన్షన్ అదే ఖాతాలో పడుతుంది. డిశ్చార్జి బుక్కు, పీపీఓ జిరాక్సులు తీసి ఇంట్లో ఇంకొకరి దగ్గర పెట్టండి.

ఒకసారి మొదలయ్యాక కూడా తెలియకపోతే కంగారు పడే సంగతులున్నాయి. పెన్షనర్ పోయాక భార్యకు మొదట ఎక్కువ రేటు వస్తుంది, 50 శాతం లెక్కన. అది ఏడేళ్లు, లేదా ఆయనకు 67 ఏళ్లు నిండి ఉండేదాకా, ఏది ముందైతే అంతవరకే. తర్వాత 30 శాతానికి దిగుతుంది. మా బంధువులావిడ ఒకామె పెన్షన్ ఉన్నట్టుండి తగ్గేసరికి ఎవరో కోసేశారనుకుని వారం రోజులు అన్నం సరిగా తినలేదు. ఎవరూ కోయలేదు, రూలే అంత. ముందే ఒక్కమాట చెప్పి ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు.

అట్లాగే ఏడాదికోసారి బతికున్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది. పొలం పని చేసిన చేతులకు వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి. మా పెద్దమ్మ వేళ్లు నెట్ సెంటర్‌లో మిషన్ మీద ఎన్నిసార్లు పెట్టినా పడలేదు. ప్రతిసారీ వేలు చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టేది, తప్పు తనదేనన్నట్టు. ఆ రోజు ఆమె మొహం నేను మరిచిపోలేను. ఇప్పుడు ఫోన్‌లో మొహం చూపించి జీవన్ ప్రమాణ్, అంటే ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్, ఇచ్చే సౌకర్యం ఉంది. డిగ్రీ చదివే పిల్లవాడు ఎవరైనా ఐదు నిమిషాల్లో చేసిపెట్టగలిగిన పని అది.

భర్త సైన్యం తర్వాత ఇంకో ప్రభుత్వ ఉద్యోగం చేసి ఉంటే, 2012 సెప్టెంబరు నుంచి రెండు కుటుంబ పెన్షన్లూ తీసుకునే వీలుంది. ఒకటి చాలని అడగకుండా ఊరుకున్న ఇళ్లు ఉండొచ్చు. వైకల్యం ఉండి సంపాదించుకోలేని బిడ్డ ఉంటే తల్లిదండ్రుల తర్వాత ఆ బిడ్డకు జీవితాంతం కుటుంబ పెన్షన్ వస్తుంది. ఆ వివరం తల్లిదండ్రులు ఉండగానే రికార్డులోకి ఎక్కించాలి. వైద్యం విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఒకటి: ఈసీహెచ్‌ఎస్‌లో మామూలుగా ఆ పథకం వాళ్ల పాలిక్లినిక్ రిఫరల్ రాయాలి, కానీ ప్రాణం మీదికొస్తే దగ్గర్లో ఏ ఆసుపత్రిలోనైనా చేర్చి, 48 గంటల్లోపు పాలిక్లినిక్‌కు తెలియజేయొచ్చు. రాత్రి పూట గుండెనొప్పి వచ్చిన మనిషిని కార్డు చెల్లే ఆసుపత్రి కోసం ఊరూరూ తిప్పొద్దు.

ఇక అసలు పెన్షనే లేనివాళ్లు. జవానుకు పెన్షన్ రావాలంటే 15 ఏళ్ల సర్వీసు నిండాలి. అంతకు ముందే బయటికి వచ్చినవాళ్లు, పాత యుద్ధాల కాలంలో కొద్ది ఏళ్లు చేసి వచ్చేసినవాళ్లు, వాళ్ల భార్యలు పల్లెల్లో ఇంకా ఉన్నారు. హవల్దార్ ర్యాంకు దాకా చేసి, 65 ఏళ్లు దాటి, పెన్షన్ లేనివాళ్లకూ, అట్లాంటివాళ్ల వితంతువులకూ కేంద్రీయ సైనిక్ బోర్డు నెలకు 4,000 ఇచ్చేది. 2025 నవంబరు నుంచి దాన్ని 8,000 చేశారు. ఇద్దరు పిల్లల దాకా చదువు గ్రాంటు ఒక్కొక్కరికి నెలకు 2,000 అయింది. కూతురి పెళ్లికి ఇచ్చేది 50,000 నుంచి లక్షకు పెరిగింది. ఈ డబ్బు వచ్చేది సాయుధ దళాల పతాక నిధి నుంచి. డిసెంబరు 7న స్కూల్లో పిల్లల చొక్కాలకు చిన్న జెండా గుచ్చి హుండీ తిప్పేది దీనికే. 1949 నుంచి జరుగుతోంది. చిన్నప్పుడు నేనూ రూపాయి వేశాను, ఎందుకో ఎవరూ చెప్పలేదు. మీ వీధి చివర ఉండే ముసలామెకు నెలనెలా వచ్చే ఎనిమిది వేలలో నీ రూపాయి కూడా ఉందని టీచరు చెప్తే పిల్లవాడు జన్మలో మరిచిపోడు.

పొలం, పుట్టినిల్లు, మెట్టినిల్లు

నెత్తుటి మాన్యం లాంటిది ఇప్పటికీ ఒకటుంది: మాజీ సైనికులకు ఇచ్చే డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వ భూమి మీద ఇచ్చే పట్టా. తరి అయితే రెండున్నర ఎకరాలు, మెట్ట అయితే ఐదెకరాల దాకా. మామూలు డీకేటీ భూమి అమ్మకం మీద ఆంక్షలున్నాయి. సైనికుడికి ఇచ్చిన భూమిని మాత్రం పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని 1993 నవంబరు 11 నాటి జీఓ 1117 చెప్తుంది. అక్కడే తగాదాలన్నీ. అమ్ముకునే హక్కున్నా రిజిస్ట్రేషన్ నిషేధ జాబితాలో ఆ భూమి ఉంటే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తేవాలి. ఎన్‌ఓసీ తెచ్చిపెడతామని మధ్యలో దళారి దిగుతాడు. అడ్వాన్సు కింద కొద్ది డబ్బు చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకుంటాడు. హైవే పక్కన ఎకరం ధర కోట్లకు చేరిన రోజుల్లో ఒంటరి ముసలామె చేతిలో ఆ పట్టా ఎంత బరువో ఆలోచించండి. పాత రాయి మీద ఊరందరూ చూసేలా చెక్కింది ఇందుకేనేమో అనిపిస్తుంది నాకు. చాటుగా జరిగితేనే మాన్యం చేతులు మారుతుంది.

ఇంకొక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. చిన్న వయసులో భర్త పోయిన పిల్ల గురించి ఊరు మాట్లాడే మాటలు. ‘డబ్బంతా తీసుకుని పుట్టింటికి పోయింది.’ పెన్షన్ చట్టప్రకారం భార్యకు వస్తుంది. కొడుకు పెళ్లి కాకుండా పోతే తల్లిదండ్రులకు వస్తుంది. ఇన్సూరెన్సు నామినీకి వస్తుంది, ఎవరి పేరు రాశాడో వాళ్లకి. ఈ పంపకం ఆ అమ్మాయి చేసింది కాదు. అటు, కొడుకును పంపిన తల్లిదండ్రుల చేతిలో నెలకింతని ఏమీ రాకపోవడం కూడా నిజమైన బాధే. ఈ రెంటి మధ్య మాట్లాడి ఒప్పించే పెద్దమనుషులు ఒకప్పుడు రచ్చబండ మీద ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ పని రిటైరైన సుబేదార్లు కొందరు చేస్తున్నారు, ఎందుకంటే రెండు వైపులవాళ్లూ నమ్మేది వాళ్లనే. కోర్టుకెక్కి పదేళ్లు తిరిగే బదులు, సుబేదారు ఇంటి అరుగు మీద ఒక సాయంత్రం కూర్చుంటే తెగిపోయేవి చాలా ఉంటాయి.

మాజీ సైనికుల సంఘాలు ఉన్న చోట పని వేరుగా నడుస్తుంది. వాళ్లకు ఫారాలు తెలుసు, రికార్డాఫీసుకు హిందీలో ఫోన్ చేసి మాట్లాడగలరు. కానీ వాళ్లూ పెద్దవాళ్లవుతున్నారు. సంఘం అంతా అరవై దాటినవాళ్లే అయినప్పుడు స్పర్శ్ పాస్‌వర్డు మరిచిపోతే ఎవరు చూస్తారు? గ్రామ సచివాలయం ఉంది, కాలేజీల్లో ఎన్‌సీసీ పిల్లలున్నారు. మండలంలో మిలిటరీ ఇళ్లు ఎన్ని, వాటిలో ఒంటరి ఆడవాళ్లు ఎందరు, లైఫ్ సర్టిఫికెట్ ఎవరిది ఏ నెలలో అని ఒక నోటుబుక్కు పెట్టుకోవడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. 2025 మేలో సైనికుల ఇళ్లకు గ్రామ పంచాయతీల్లో ఇంటిపన్ను మినహాయింపు గురించి రాష్ట్రం ప్రకటించినప్పుడు, మా వైపు ఆ సంగతి తెలియక పన్ను కట్టినవాళ్లు నాకే ఇద్దరు కనిపించారు. తెలిసిన మనిషి వెళ్లి తలుపు కొట్టాలి, అంతే.

గుర్తు పెట్టుకోవడంలో మనం పేదవాళ్లం కాదు. చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ధర్మరాజుల గుడి ముందర పద్దెనిమిది రోజులు మహాభారతం చెప్పించుకుంటాం. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చలువ పందిరి కింద కూర్చుని హరికథ వింటాం, రాత్రంతా నాటకం చూస్తాం, దుర్యోధన వధ రోజు మట్టి బొమ్మ చుట్టూ ఊరూరా జనం విరగబడతారు. యుద్ధంలో పోయినవాళ్ల కోసం గుండె బాదుకునే ఆడవాళ్ల ఏడుపును కూడా వదలకుండా వింటాం. అంత ఓపిక ఉన్న ఊళ్లు మనవి. అదే పందిరి కింద, ఒక్క సాయంత్రం, ఊరి నుంచి సైన్యానికి పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి చదివితే ఎంతసేపు పడుతుంది?

2021 ఫిబ్రవరిలో, 1971 యుద్ధానికి యాభై ఏళ్ల సందర్భంగా ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం దగ్గర వెలిగించిన విజయజ్యోతి తిరుపతికి వచ్చింది. ఆ యుద్ధంలో గూర్ఖా బెటాలియన్‌ను నడిపి మహావీరచక్ర అందుకున్న మేజర్ జనరల్ వేణుగోపాల్ తిరుపతిలోనే ఉండేవారు. అప్పటి ముఖ్యమంత్రి ఆయన ఇంటికే వెళ్లి సన్మానించారు. మహావీరచక్ర అంటే పరమవీరచక్ర తర్వాతది. ఆ మనిషి మన వీధుల్లోనే నడుస్తున్నాడని ఆ రోజు దాకా తిరుపతిలో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఊరి మొదట్లో కనిపించే సైనికుల విగ్రహాల్లో ఎక్కువ భాగం కుటుంబమో స్నేహితులో చందాలేసుకుని పెట్టించుకున్నవే. జూలై 26న కార్గిల్ రోజు దండ పడుతుంది, తర్వాత ఆ దండ ఎండి అట్లాగే వేలాడుతుంది. జనవరి 14ను మాజీ సైనికుల దినంగా జరుపుతారు. 1953లో అదే తేదీన మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి అయిన జనరల్ కరియప్ప రిటైరయ్యాడని. మనకు సరిగ్గా సంక్రాంతి రోజుల్లో వస్తుంది, ఊరు విడిచిపోయిన పిల్లలందరూ ఇళ్లలో ఉండే రోజులవి. ఊళ్లోని మిలిటరీ ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడించడానికి, ట్రంకు పెట్టె తీయించి కాగితాలు సరిచూడడానికి అంతకంటే మంచి సమయం ఏముంది? రెండు పనులూ ఒకే మధ్యాహ్నంలో అవుతాయి.

మా పెద్దమ్మ పెన్షన్ చివరికి వచ్చింది. రికార్డాఫీసు నుంచి సవరణ ఉత్తర్వు రావడానికి, పలమనేరులో ఉండే ఒక రిటైర్డ్ హవల్దార్ మామ మూడుసార్లు మాతో చిత్తూరుకు వచ్చాడు. బస్సు చార్జీ కూడా తీసుకోలేదు. కొత్త పీపీఓ ప్రింటు చేతికిచ్చిన రోజు పెద్దమ్మ దాన్ని చదవలేదు, ఆమెకు చదువు రాదు. ఎక్కడ తన పేరుందో చూపించమని, ఆ అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు అట్లాగే ఉంది.

సంవత్సరీకానికి ముందు పొలంలో పెద్దనాన్న సమాధికి రాయి వేయించాం. చెక్కే ఆయన వచ్చి ఏం రాయాలో కాగితం మీద ఇమ్మన్నాడు. మేమంతా ‘స్వర్గీయ’ అనాలా, ‘కీర్తిశేషులు’ అనాలా అని మాట్లాడుకుంటున్నాం. పెద్దమ్మ లోపలికి పోయి ఆ పీపీఓ ప్రింటు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

‘కాయితంలో ఎట్లుందో అట్లే కొట్టు నాయనా. ఆయన నంబరు, ఆయన పేరు. కింద నా పేరు గూడా. ఒక్క అక్షరం మార్చొద్దు.’